వైరు మీద చెయ్యి

నీలవేణి మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా కట్టిన గేమింగ్ కంప్యూటర్ అది. పక్కన అద్దం తలుపు. ఆ అద్దంలోంచి చూస్తే లోపల ఒక్క వైరు కూడా కనపడదు. కర్నూలులో ఖలీల్ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరూ ఇంత ముచ్చటగా కట్టలేదని దుకాణానికి వచ్చినవాళ్లంతా అన్నారు. కొందరు ఫోటోలు తీసుకున్నారు. వేగం పరీక్ష పెడితే స్కోరు కూడా ఆ దుకాణంలో ఇంతకుముందు ఎప్పుడూ రానంత వచ్చింది.

కొన్న యోహాన్ మురిసిపోతూ ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ మోసుకొచ్చాడు.

"ఆట మంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగిపోతోంది అక్కా. తెర నల్లబడి మళ్లీ మొదట్నించి ఆన్ అవుతోంది. రేపు సాయంత్రమే పోటీ ఫైనల్. నేను మధ్యలో మాయమైతే నా టీమంతా ఓడిపోతుంది."

నీలవేణి మొహం మాడిపోయింది. విండోస్ మళ్లీ వేసింది. డ్రైవర్లు మార్చింది. ర్యామ్ తీసి వేరేది పెట్టింది. లోపలి వేడి చూసింది, సరిగ్గానే ఉంది. ప్రాసెసర్‌ని విడిగా, గ్రాఫిక్స్ కార్డుని విడిగా పరీక్షిస్తే రెండూ నిలబడ్డాయి. ఆట మొదలుపెట్టి అందులో తుపాకీ కాల్పులు జోరందుకుంటే మాత్రం టప్పుమని ఆగిపోయేది.

చివరికి ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది.

"నేను కట్టడంలో తప్పేం లేదు ఉస్తాద్. కార్డే చెడ్డది. వెనక్కి పంపేద్దాం."

ఉస్తాద్ వచ్చి కంప్యూటర్ వెనకవైపు రేకు విప్పాడు. యోహాన్‌ని ఆడమన్నాడు. కార్డుకి కరెంటు తీసుకెళ్లే నల్లటి వైరు చూపించాడు.

"బేటీ, చెయ్యి ఇక్కడ పెట్టు."

పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. తెర మీద కాల్పులు మొదలయ్యాయి. వేళ్లకి వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం పెరిగి పెరిగి వేడయింది. ఆమె చెయ్యి తీయబోయింది.

"తీయకు."

అంతలోనే తెర నల్లబడింది.

ఆ కార్డుకి కరెంటు పెట్టే చోట్లు రెండు. దేనికి దానికి విడిగా వైరు వెయ్యాలి. నీలవేణి మాత్రం చివర రెండుగా చీలిన ఒకే వైరుతో రెంటినీ కలిపేసింది. కాల్పులు జోరందుకోగానే కరెంటు భారమంతా ఆ ఒక్కదాని మీదే పడుతోంది.

"రెండో వైరేదీ?" అన్నాడు ఉస్తాద్.

"కవర్లోనే ఉంది."

"ఎందుకు?"

రెండోది వేస్తే అద్దంలోంచి కనపడుతుందని. నీలవేణి అద్దం వైపు చూసింది. ఉస్తాద్ కూడా అటే చూశాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

నీలవేణి తను అంత ఓపికగా బిగించిన వైర్ల కట్లన్నీ కత్తిరించింది. రెండో వైరు తీసి వేసింది. వెనక చోటు లేక అది సరిగ్గా అద్దం ముందునుంచే వంకరగా పోయింది. దాన్ని దాచాలని ఆమె చూడలేదు.

"ఆడు యోహాన్."

తెర మీద నిప్పులు కురిశాయి. ఫ్యాన్లు హోరెత్తాయి. ఆమె వేళ్లు రెండు వైర్ల మీదా ఉన్నాయి. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. ఒక ఆట అయింది. ఇంకోటి అయింది. యోహాన్ వేళ్లు నొప్పెట్టేదాకా ఆడాడు గాని కంప్యూటర్ ఆగలేదు.

"ఇంక దీన్ని ఎవడాపుతాడక్కా!" అని కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. అవతల అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరు ఏమంటున్నారో తెలియలేదు గాని, గెలిచారని మాత్రం తెలిసింది. నీలవేణి ఫోన్ పట్టుకునే ఉస్తాద్ దగ్గరికి పరిగెత్తింది.

"గెలిచారు ఉస్తాద్! చివరిదాకా ఒక్కసారి కూడా ఆగలేదట!"

ఉస్తాద్ చేతిలో పని ఆపలేదు. మీసాల్లో నవ్వు మాత్రం దాగలేదు.

"ఈసారి కట్టేది ఆగినా నన్ను పిలవకు, నీ చెయ్యి చాలు" అన్నాడు.