వడకలపాడు బడికి వేడి ప్లాను

తెలివి ఎక్కువైపోయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఊరు ఒకటుంది. అది మాదే. కొండ మీద వడకలపాడు.

పక్క ఊళ్ళ వాళ్ళు ఒక మాట వింటే దానికి అర్థం వెతుకుతారు. మాకా అవసరం లేదు. మాట ఎలా వస్తే అలాగే చేసేస్తాం. మలుపు దగ్గర 'నెమ్మదిగా వెళ్ళండి' అని బోర్డు పెట్టిన దగ్గర్నుంచి మా వాళ్ళెవరూ అక్కడ పరిగెత్తరు. కుక్క తరిమినా సరే, నెమ్మదిగానే వెళ్తారు. కరిపించుకున్న వాళ్ళు నలుగురున్నారు గానీ బోర్డు మాట మీరిన వాడు ఒక్కడూ లేడు.

నేను ఆ ఊరి బడిపంతుల్ని. చదువుకున్నవాణ్ణి కాబట్టి అందరికంటే ఒక మెట్టు పైన ఉంటాను. అంటే వాళ్ళు నేల మీద పడితే నేను మెట్టు మీంచి పడతాను. అంతే తేడా.

మా బడికి ఉన్న కష్టం ఒకటే, చలి. మార్గశిరం వచ్చిందంటే గోడల పగుళ్ళలోంచి గాలి ఈల వేసుకుంటూ లోపలికొస్తుంది. ఒకటో తరగతిలో పైడమ్మ అని ఒక పిల్ల ఉంది. 'అ' రాద్దామని పలక మీద బలపం పెడుతుంది. చెయ్యి వణుకుతుంది. అది కాస్తా 'ఋ' అయి కూర్చుంటుంది. 'ఋ'తో మొదలయ్యే మాటలు మనకెన్నున్నాయి గనక? పాపం, దాని చదువు ఋషి దగ్గరే ఆగిపోయింది. పోయిన ఏడు చలికి ఆ తరగతి రెండు నెలలు మూసేశాం. ఈ ఏడూ మూస్తే పిల్లని మేకల వెంట పంపేస్తానని వాళ్ళ నాన్న సత్తెయ్య మొహం మీదే చెప్పాడు.

సరిగ్గా అప్పుడే జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సర్పంచి బంగారునాయుడు గారు, అటెండరు తవుడయ్య, పిల్లలకి వండిపెట్టే సింహాలమ్మ, నేను, నలుగురం వరండాలో కూర్చున్నాం. నేను గట్టిగా చదివాను.

"ప్రభుత్వ భవనాల్లో తక్కువ కార్బన్‌తో గదులు వేడి చేసుకోవడానికి ప్లాను వేసుకునే వారికి ప్రభుత్వం సాయం చేస్తుంది. వచ్చే శనివారం సాయంత్రంలోగా వివరాలు అందాలి."

"కార్బనంటే ఏటి మాస్టారూ?" అన్నాడు తవుడయ్య.

"అదేనయ్యా, మన బీరువాలో ఉంది కదా. రెండు కాగితాల మధ్య పెట్టి రాస్తామే, ఆ నల్ల కాగితం."

"అది తక్కువుండాలా?"

"తక్కువ కార్బన్ అని అచ్చులోనే ఉంది."

నాయుడు గారు మీసం దువ్వుకున్నారు. "మన దగ్గరెంతుంది?"

"పెట్టె నిండా ఉందండి."

"అదీ సంగతి! అందుకే ఇంత చలి!"

ఇంకేముంది. పెట్టె బయటికి లాక్కొచ్చి, ఉన్న కార్బన్ కాగితాలన్నీ కుప్ప పోసి అగ్గిపుల్ల గీశాం. భగ్గుమంది.

"ఓలమ్మో, ఎంత ఎచ్చగుందో!" అంది సింహాలమ్మ, చేతులు కాచుకుంటూ.

"చూశారా?" అన్నాను నేను. "కార్బన్ తగ్గిందో లేదో, వేడి వచ్చేసింది. ప్రభుత్వం ఉత్తినే రాయదు."

కాసేపటికి మంట ఆరిపోయింది. చలి మళ్ళీ వచ్చింది. తగ్గిద్దామంటే ఇంక కార్బన్ లేదు.

కాగితం అడుగున ఇంజినీరమ్మ హైమవతి గారి ఫోన్ నంబరు ఉంది. చేశాను. ఆవిడ చాలా మర్యాదగా, "ముందు మీ బడి టెంపరేచర్ తీసుకోండి మాస్టారూ, రోజుకి మూడు సార్లు," అంది.

అంతే. నర్సమ్మ దగ్గరకెళ్ళి జ్వరం చూసే గొట్టం అడిగి తెచ్చాం. తెచ్చాక గొప్ప చిక్కొచ్చి పడింది.

"నోట్లో పెట్టాలా, చంకలో పెట్టాలా?" అన్నాడు తవుడయ్య.

"నోరంటే తలుపేగా," అన్నాను. "అది సరిగ్గా మూసుకోదు. చంక చూడు."

"బడికి చంకెక్కడుంటాదండీ?"

"గోడా చూరూ కలిసే చోటు చంక కాకపోతే మరేంటయ్యా!"

తవుడయ్య నిచ్చెనెక్కి బడి చంకలో గొట్టం పెట్టి రెండు నిమిషాలు పట్టుకున్నాడు. దించి చూస్తే పాదరసం అంగుళం కూడా కదల్లేదు.

"జ్వరం లేదండి."

"జ్వరం మాట అలా ఉంచు," అన్నారు నాయుడు గారు భయంగా. "అసలు ప్రాణముందా?"

సింహాలమ్మ గబగబా శొంఠి అరగదీసి గుమ్మం పైన, అంటే నుదుటి మీద, పట్టు వేసింది. మిరియాల కషాయం కాచి గడప మీద పోసింది. నేను పుస్తకంలో 'రోగి పేరు: బడి. వయసు: నలభై రెండు. జబ్బు: నీరసం' అని రాసుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, రాసి పెట్టుకోవడం అలవాటు.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను. కషాయం గడపే తాగిందని చెప్పలేదు, ఆవిడ ఏమనుకుంటుందోనని. ఆవిడే అడిగింది: "గదిలో వేడి ఎట్నుంచి పోతోందో పట్టుకున్నారా?"

"లేదమ్మా."

"అది పట్టుకోకపోతే ఎలా? కిటికీల దగ్గర, తలుపు దగ్గర చూడండి."

ఇంకేముంది. తవుడయ్య పరుగున వెళ్ళి చేపల వల తెచ్చాడు.

"ఓరి వెర్రివాడా," అన్నారు నాయుడు గారు, "వలకి చిల్లులుంటాయి. వేడి జారిపోదూ? గోనె సంచులు పట్రా."

"గోనెకీ చిల్లులున్నాయి బాబూ."

"అవి చిన్నవి. చిన్న వేడి పోతే పోనీ. పెద్ద వేడి ఉంటుంది."

కిటికీకొకరం, తలుపుకిద్దరం సంచుల మూతులు తెరిచి నిలబడ్డాం. లోపల పిల్లల చేత గట్టిగా ఎక్కాలు చెప్పించాను, ఊపిరి వేడి బాగా వస్తుందని. సంచి నిండిందని తోచగానే మూతి బిగించి కట్టేయడం, మూలకి చేర్చడం. మధ్యాహ్నానికి పదహారు బస్తాలయ్యాయి. అలిసిపోయి నాయుడు గారు ఒక బస్తా మీద కూలబడ్డారు. అది చదునుగా నేలకంటుకుపోయింది.

"అయ్యయ్యో!" తవుడయ్య నెత్తి బాదుకున్నాడు. "సర్పంచైతే మాత్రం, పిల్లల వేడి మీద కూకుంటారేటండీ!"

ఆ సాయంత్రం హైమవతి గారే ఫోన్ చేసి, పోయే వేడి సంగతి తర్వాత, ఉన్న వేడి నిలవాలంటే భవనానికి దుప్పటి కప్పినట్టు ఉండాలని చెప్పింది. ఈసారి మాకెవరికీ అనుమానం రాలేదు. మాట అంత స్పష్టంగా ఉంది.

ఇంటింటికీ తిరిగి దుప్పట్లు, రగ్గులు, బొంతలు అడిగి తెచ్చాం. బడి కోసమంటే ఎవరు కాదంటారు? దబ్బనంతో అన్నీ కలిపి కుట్టి, కప్పు మీంచి కిందికి జారవిడిచి, బడిని చుట్టేశాం. కిటికీలు మూసుకుపోయాయి. తలుపూ మూసుకుపోయింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా దగ్గు. బడి మాత్రం హాయిగా ముసుగుతన్ని ఉంది.

పిల్లలు లోపలికి పోయే దారి లేదు. బయట మంచులో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. అది కూడా గుసగుసగా, బడికి నిద్రాభంగం కాకూడదని. పైడమ్మ 'అ' రాద్దామనుకుంది. ఆ రోజు 'ఋ' కూడా కాలేదు. వానపాములా ఏదో వచ్చింది. సత్తెయ్య దూరం నుంచి చూసి, "మాస్టారూ, శనివారం దాకా చూత్తాను. ఆదివారం నుంచి మేకలే," అనేసి వెళ్ళిపోయాడు.

బుధవారం హైమవతి గారే కొండెక్కి వచ్చింది. బడిని చూసింది. కిటికీ దగ్గర దుప్పటి అంచు ఎత్తి లోపలికి తొంగి చూసింది. మంచినీళ్ళు అడిగి తాగింది.

"మాస్టారూ, ఏమిటిది?"

"దుప్పటమ్మా."

"లోపల ఆ మూటలేమిటి?"

"వేడమ్మా. పదహారు బస్తాలు."

"పదిహేనే," అన్నాడు తవుడయ్య. "ఒకదాని మీద నాయుడు గారు కూకున్నారు."

ఆవిడకి కోపం రావలసింది. కానీ పక్కనే పైడమ్మ పలక కనబడింది. దాని వేళ్ళు పట్టుకుని చూసి, తన అరచేతుల్లో కాసేపు ఉంచుకుంది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని, పెద్ద కాగితం పరిచి, తనే గీయడం మొదలుపెట్టింది. కప్పు మీద ఎండకి నీళ్ళు కాగే తొట్టి. అక్కడి నుంచి ఒకటో తరగతి గదిలోకి గొట్టాలు. వేడినీళ్ళు వచ్చే దారంతా ఎర్ర రంగు.

"వినండి మాస్టారూ. నిప్పు లేదు, పొగ లేదు. తక్కువ కార్బన్ అంటే ఇదీ. ఇది పంపిస్తే ప్రభుత్వం నిపుణుల్ని పంపి పూర్తి ప్లాను వేయిస్తుంది. అది అయ్యాక పనులు. సంతకాలు పెట్టి శనివారం సాయంత్రంలోగా నాకు చేర్చండి. మీరు పంపకపోతే ఆ సాయం పక్క ఊరికి పోతుంది. జాగ్రత్త, మీ పిల్లల వెచ్చదనమంతా ఈ కాగితంలోనే ఉంది."

దుప్పట్లు విప్పించి, ఎవరివి వాళ్ళకి ఇప్పించి, ఆవిడ వెళ్ళిపోయింది. మేం సంతకాలు పెట్టాం. తవుడయ్య కాగితం చుట్టబోయాడు.

"ఆగు," అన్నారు నాయుడు గారు. "వెచ్చదనమంతా ఇందులోనే ఉందని ఆవిడే కదా అంది?"

"అవునండి."

"మరి ఇది పంపేస్తే వెచ్చదనం ఎక్కడికి పోతుంది?"

తవుడయ్య కాగితాన్ని గబుక్కున గుండెకి హత్తుకున్నాడు. ఎంత ప్రమాదం తప్పింది!

అంతే. గురువారం పొద్దున్నే ప్లాను ఒకటో తరగతి గోడకి తగిలించాం. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి అరచేతులు చాపమన్నాం.

"ఎర్ర గీతకి మరీ దగ్గరకి జరక్కండి," అంది సింహాలమ్మ. "సెయ్యి కాల్తాది."

పావుగంట అయింది. అరగంట అయింది. పైడమ్మ మెల్లగా, "మాస్టారండీ, ఇంకా సలేత్తంది," అంది.

నేను కళ్ళజోడు సవరించుకుని ప్లానంతా వెతికాను. అడుగున మూలగా చిన్న అక్షరాలతో ఉంది: 'స్కేలు, ఒకటికి వంద.'

లెక్కలు చెప్పేవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేనా? "దొరికింది!" అని అరిచాను. "దీంట్లోంచి వచ్చేది వందో వంతు వేడే! ఇలాంటివి ఇంకా తొంభై తొమ్మిది ఉంటే గానీ పూర్తి వేడి రాదు!"

"అదీ చదువంటే," అన్నారు నాయుడు గారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకేముంది. గురు, శుక్రవారాలు ఊరంతా కూర్చుని గీసింది. దొరికిన కాగితం వదల్లేదు. ఎర్ర సిరా అయిపోతే కుంకుమ, కుంకుమ అయిపోతే ఇటుక పొడి. సింహాలమ్మ గుండిగెడు గంజి కాచింది. శనివారం పొద్దుటికి వంద ప్లాన్లూ గోడల నిండా అతికించేశాం. ఒకదాని అంచు మీద ఇంకొకటి, పగుళ్ళ మీద, కిటికీ సందుల మీద, ఎక్కడా గోరంత ఖాళీ లేకుండా.

ఈల ఆగిపోయింది. గాలి రాలేదు. నలభై మంది పిల్లల ఊపిరితో గది మెల్లగా వెచ్చబడింది. పైడమ్మ బలపం పట్టుకుంది. అందరం మెడలు సాచి చూస్తున్నాం. 'అ' రాసింది. సున్నుండలాంటి గుండ్రటి 'అ'. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే 'ఆ' కూడా రాసింది.

గుమ్మంలో సత్తెయ్య నిలబడి చూశాడు. "మేకల్ని నానే కాసుకుంతాను మాస్టారూ," అని వెళ్ళిపోయాడు.

ఇంత మేలు చేసిన ప్రభుత్వానికి ఒక్క మాటైనా రాయకపోతే మర్యాద కాదు కదా. అప్పటికప్పుడు కూర్చుని ఉత్తరం రాశాను. తవుడయ్య మధ్యాహ్నం బస్సుకి జిల్లా ఆఫీసుకి వెళ్ళి, గడువుకి గంట ముందే హైమవతి గారి చేతిలో పెట్టి వచ్చాడు. అందులో ఇలా రాశాను:

'అమ్మా, మీ ప్లాను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మాకింక నిపుణులు గానీ, తొట్లు గానీ, గొట్టాలు గానీ అక్కర్లేదు. ఆ సాయమేదో పక్క ఊరికే ఇచ్చేయండి, పాపం వాళ్ళకంత తెలివి లేదు. మాకు చిన్న ఉపకారం చేస్తే చాలు. చలి పోతే ఎండాకాలం వస్తుంది కదా. ఇలాంటిదే ఇంకొకటి నీలం రంగుతో గీసి పంపండి.'