తల వంచితేనే కనిపించే తల్లి: మరలమ్మ రేవు కథ

అమ్మవారి ముఖం చూడాలని ఇంత దూరం వచ్చారు సరే, ఎక్కడ దిగాలో అమ్మవారిని అడిగారా?

ఈ ప్రశ్నకు కోపం వస్తే రానివ్వండి. ఓడ దిగి, అద్దెకు ఈత మాస్కూ ఊపిరి గొట్టమూ తీసుకుని, నీరు ఎక్కడ నీలంగా, కదలకుండా కనిపిస్తే అక్కడికి పరుగెత్తే భక్తులను ఈ రేవు రోజూ చూస్తూనే ఉంది. ముందుగా వారు చదవవలసిన స్థల పురాణం ఇది.

అండమాన్ సముద్రంలో గవ్వలదీవికి పడమటి అంచున ఉన్నది మరలమ్మ రేవు. ఇక్కడ గోపురం లేదు, గర్భగుడి లేదు. ఒడ్డున కొబ్బరాకుల పందిరి, దాని కింద పసుపు పూసిన కొబ్బరి చిప్పలు, అంతే. అమ్మవారు నీటిలో ఉంది. ఒడ్డుకు కొంత ఎడంగా పగడపు దిబ్బ గోడలా సాగుతుంది. అలలు దాని మీద విరిగి తెల్లని నురగ గీత గీస్తాయి. ఆ గీతకు ఇవతల నీరు రొమ్ముల లోతు దాటదు. ఆ నీటి అడుగున, రంగురంగుల చేపల మధ్య, అమ్మ వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తూ ఉంటుంది. నీటిలో ముఖం పెట్టినవారికే ఆమె ముఖం దొరుకుతుంది. నిలబడి చూస్తే రాయి కూడా కనిపించదు.

ఆ పగడపు గోడకు ఒకచోట గండి ఉంది. గండిలో అల విరగదు. నీరు అద్దంలా ఉంటుంది. కథంతా ఆ అద్దం గురించే.

పూర్వం ఇక్కడ మనుషుల అలికిడి ఉండేది కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి కొన్ని వేట కుటుంబాలు వలలతో వచ్చి ఈ ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. వారికి పెద్ద పోలయ్య. గజ ఈతగాడు, ఒక మాట అంటే వెనక్కి తీసుకోని మనిషి. కొత్త కోడలు ఇంటికి వస్తే ఆమెను సముద్రంలో ముంచి సముద్రపు తల్లి గంగకు చూపించడం వారి ఆచారం. ఎక్కడ ముంచాలి? నురగ అంటే వారికి భయం, నురగలో పడవలు పగులుతాయి. గండి అంటే ప్రేమ, తెడ్డు వేయకపోయినా పడవను అదే బయటికి తీసుకుపోతుంది. కాబట్టి గండే గంగ దయగల గుమ్మమని నమ్మి, కోడళ్ళను అక్కడే దించేవారు. పడవకు చెల్లిన లెక్కను ఈత రాని ఆడపిల్లకూ వేశారు. అప్పలకొండ అనే కోడలు ఆ గుమ్మంలో మునిగి మళ్ళీ లేవలేదు. గంగకు నచ్చింది, ఉంచుకుంది అన్నారు పెద్దలు. ఆమె తల్లి ఏడుపును కూడా ఆ మాటతోనే ఆపారు.

పోలయ్య పెద్ద కోడలు కొర్లమ్మ. కొంతకాలానికి ఆమె సొంత చెల్లెలు నూకాలు అదే ఇంటికి చిన్న కోడలిగా వచ్చింది. మర్నాడు మునక అనగా, కొర్లమ్మ మధ్యాహ్నం వేళ కొబ్బరి కోరుతూ, చిప్ప చేతిలో ఉండగానే కునుకు తీసింది. కలలో నీటి అడుగున ఒక స్త్రీ పడుకుని ఉంది. ముఖం చూపించమని వేడుకుంటే, తల వంచితే కనిపిస్తానని ఆమె చెప్పింది. చెల్లెలి మాట ఎత్తితే ఆమె గొంతు మారింది.

“నన్నడక్కుండా దించీసి, నాను ఉంచుకున్నానని నా మీద పెడతారేటి? నీ చేతిలో ఉన్నదాన్ని ముందు పంపి అడుగు.”

కొర్లమ్మ ఉలిక్కిపడి లేచింది. చేతిలో ఉన్నది కొబ్బరి చిప్ప.

మర్నాడు పొద్దెక్కాక ఊరంతా గండి దగ్గర చేరింది. పసుపు చీరలో నూకాలు నీటిలోకి దిగింది. నీరు ఆమె మోకాళ్ళను అప్పుడే లాగుతోంది. కొర్లమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇసుక మీదికి లాగింది. ఆచారానికి అడ్డం వచ్చిన కోడలిని అంతకు ముందు ఆ ఊరు చూడలేదు. సముద్రానికి పాఠం చెప్పే పంతులమ్మ వచ్చిందని ఆడపడుచులు దెప్పారు. పోలయ్య మాత్రం కేకలు వేయలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

“నిన్నూ ఇక్కడే దించాను కదే. ఏటయిపోనావు?” అన్నాడు.

“నాను తిరిగొచ్చాను కాబట్టి నన్ను చూపిస్తన్నావు మావా. రానిదాన్ని ఎవులు చూపిస్తారు?” అంది కొర్లమ్మ. ఆ మాటకు అప్పలకొండ తల్లి తల ఎత్తింది. కొర్లమ్మ ఇంకొక్క మాటే అడిగింది. “పడవెళ్ళిపోవాలని ఇక్కడ దింపుతాం. పిల్ల కూడా ఎళ్ళిపోవాలా?”

ఆమె వెంట తెచ్చిన కొబ్బరి చిప్పకు పసుపు పూసి నీటి మీద వదిలింది. అల లేదు, గాలి లేదు. అయినా చిప్ప ఎవరో పిలిచినట్టు గండిలోకి, అక్కడి నుంచి బయటికి వెళ్ళిపోయింది. చిప్పకు బరువేముంది, నాలాంటివాణ్ణి లాగమను చూద్దాం అంటూ పోలయ్య తలపాగా విప్పి కోడలి చేతికిచ్చి దిగాడు.

నాలుగు బారలు వేశాడో లేదో, వెనక్కి తిరిగి నవ్వబోయాడు. ఒడ్డు దూరమైపోయింది. నవ్వు ఆగింది. ఒడ్డుకేసి ఈదాడు. ఎంత ఈదినా ఉన్నచోటు కంటే వెనక్కే పోతున్నాడు. గోడ మీదుగా లోపలికి దూకిన నీరంతా బయటికి పోయేది ఆ ఒక్క గుమ్మం నుంచే. దానికి ఎదురీదడమంటే సముద్రాన్ని ఒంటి చేత్తో తోయడమే. బారలు తడబడ్డాయి. తల ఒకసారి మునిగి తేలింది. పడవ తేవడానికి మగవాళ్ళు పరుగెత్తారు. అది అందేలోగా మనిషి మిగలడని అందరికీ తెలుసు.

కొర్లమ్మ చూపు మామ మీద లేదు, చిప్ప మీద ఉంది. అది గండి దాటి, వేగం తగ్గి, పక్కకు తిరిగి, నురగ గీత వైపు వస్తోంది. ఆమె తలపాగాను గాలిలో ఊపుతూ నురగ వైపు పరుగెత్తింది.

“ఎదురీదకు మావా. తేలు. చిప్పెనకాలే రా.”

కోడలి మాట వినడమా, మునగడమా? పోలయ్య చేతులు వదిలేసి వెల్లకిలా తేలాడు. నీరు అతణ్ణి గండి దాటించి వదిలింది. అప్పుడు పక్కకు, పసుపు చుక్క వెళ్ళిన దారినే, మెల్లగా ఈదాడు. జీవితమంతా భయపడిన నురగే అతణ్ణి ఎత్తి, వీపు పగడానికి గీరుకునేలా, గోడకు ఇవతల బోర్లా పడేసింది. ముఖం నీటిలో మునిగింది. కళ్ళు తెరిచాడు. అడుగున ఒక రాతి ముఖం అతణ్ణే చూస్తోంది.

లేచి నిలబడితే నీరు రొమ్ముల వరకే ఉంది. చిప్ప అప్పటికే కొర్లమ్మ పాదాల దగ్గర ఇసుక మీద ఆగి ఉంది. పోలయ్య ఒడ్డుకు వచ్చి తలపాగా తిరిగి అడగలేదు. ముందు అప్పలకొండ తల్లి దగ్గరకు వెళ్ళి, ఆ పిల్లను గంగ ఉంచుకోలేదని, తామే పంపేశామని అందరి ముందూ చెప్పాడు. నూకాలును ఆ రోజు నురగకు ఇవతల, అక్క చెయ్యి పట్టుకుని దించారు. అమ్మ ముఖం చూసిన మొదటి ఆడపిల్ల ఆమె. కొట్టుకుపోయినవారిని వెనక్కి మరలించే తల్లి కాబట్టి మరలమ్మ అన్నారు.

ఆ ఇంటి కోడళ్ళే నేటికీ రోజూ పొద్దున చిప్ప వదులుతారు. ఇసుక కదిలితే దారీ మారుతుంది, అందుకే నిన్నటి జవాబు నేడు చెల్లదు. చిప్ప తిరిగి వచ్చిన చోట పసుపు గుడ్డ కట్టిన కర్ర పాతుతారు. మొదటిసారి దిగేవారు ఆ కర్ర ఎదుటే, తోడుగా ఒకరి చెయ్యి పట్టుకుని దిగాలి. పగడం అమ్మ చీర కాబట్టి దాని మీద కాలు మోపరాదు. చిప్ప రాని రోజున దర్శనం లేదు. ఒడ్డునే తల వంచి దండం పెట్టినవారికీ అదే పుణ్యం. వేటకు వెళ్ళినవారు క్షేమంగా ఇల్లు చేరతారని, అత్తింట కొత్త కోడలి మాటకు విలువ ఉంటుందని ఇక్కడివారి నమ్మకం.

ఈత వచ్చంటారా? పోలయ్యకూ వచ్చు. లైఫ్ జాకెట్ ఉందంటారా? అది తేలుస్తుంది, ఎటు తేలిపోతారో చెప్పదు. గండి దగ్గర అల లేదు కదా అని మీ పక్కవారు అప్పుడే చెప్పులు విప్పుతూ ఉంటారు. ఈ పుస్తకం మూయండి. ముందు వారి చెయ్యి పట్టుకుని ఆపండి. తర్వాత పందిరి కిందికి తీసుకువచ్చి, పసుపు చిప్ప తిరిగి వచ్చిన చోటు చూపించండి.