గవరమ్మ గుడ్ మారో

అనగనగా అంటే రాజుల కాలం కాదు బుజ్జీ, నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో. కాలవ లాకుల పక్కన మాదొక ఊరు. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది.

గవరమ్మ వయసులో ఉన్నప్పుడు లాకుల బంగళాలో దొరగారి పిల్లలకి ఆయా. ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరికెవరు ఎదురుపడ్డా ఒక మంచి మాట అనాలి. అది వాళ్ళ పద్ధతి. దొరసానిగారి తల్లి, పండు ముసలమ్మ, ఆవిడవన్నీ పాతకాలం ఇంగ్లీషు మాటలు. పొద్దున్నే 'గుడ్ మారో' అనేది. ఎండ హాయిగా ఉంటే 'స్ప్లెండిడ్' అనేది. వెళ్ళేవాళ్ళని 'చీరియో' అని సాగనంపేది. బడి మొహం చూడని గవరమ్మ అవన్నీ నోటికి పట్టేసింది. ఇప్పుడు నువ్వు 'హాయ్' అంటావే, వాటి ముందు అది వట్టి తువ్వాలు ముక్క. అవి పట్టుచీరలు.

ఆ తర్వాత దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి గవరమ్మ మొగుడు పోయాడు. అప్పుడు ఆవిడ మా వీధిలో చిన్న పెంకుటింట్లో అద్దెకి చేరింది.

మా వీధి పద్ధతి వేరు. మొగుడు పోయిన మనిషి పొద్దున్నే ఎదురొస్తే అపశకునం అనేవాళ్ళు. వెనక్కి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొద్దులంటే ప్రాణం పెట్టే మనిషి, అందరూ పనుల్లోకి పోయేదాకా తలుపేసుకుని కూర్చోవాలిట.

ఒకరోజు గవరమ్మకి విసుగొచ్చింది. "నాకు మిగిలిన పొద్దులెన్ని? అవి కూడా తలుపు సందులోంచి చూడాలా" అనుకుంది. ఉతికిన చీర కట్టుకుని అరుగు మీదికొచ్చి నిలబడింది.

అప్పుడు బస్సుకని బయల్దేరిన కరణంగారు వచ్చాడు. "గుడ్ మారో బాబూ" అంది. ఆయన గిరుక్కున తిరిగి ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి కూర్చున్నాడు. ఈలోపు బస్సు వెళ్ళిపోయింది. ఇంకేముంది, వీధంతా వినేట్టు తిట్టాడు.

మర్నాడు సన్నాయి సత్తెయ్య ఎవరి పెళ్ళిలోనో వాయించడానికి బయల్దేరాడు. గవరమ్మ కనపడగానే తలగుడ్డ మొహమ్మీదికి లాక్కుని నడిచాడు. దారి కానక కాలవగట్టు బురదలో కూలబడ్డాడు. అదీ గవరమ్మ వల్లేనట. ఇంకొక్కసారి పొద్దున్నే బయట కనపడితే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే అన్నాడు ఇంటాయన.

అయినా మూడో పొద్దున కూడా వచ్చి నిలబడింది చూడు, అంత గుండె నాకు లేదమ్మా.

ఆరోజు హైమ వచ్చింది. మా వీధిలో ఎస్సెల్సీ పరీక్ష రాసిన మొదటి ఆడపిల్ల. పరీక్ష పక్క ఊళ్ళో. ఏడింటి పాసింజరు ఎక్కించడానికి మేనత్త చిట్టెమ్మ తోడొచ్చింది.

"గుడ్ మారో తల్లీ" అంది గవరమ్మ.

చిట్టెమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పద, కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చుని వెళ్దువుగాని." అప్పటికే స్టేషన్లో గంట కొట్టారు. కూర్చుంటే రైలు పోతుంది. రైలు పోతే ఆ ఏడాది చదువంతా పోతుంది. గవరమ్మ మొహం పాలిపోయింది. "నేను లోపలికి పోతా చిట్టెమ్మా, పిల్లని మాత్రం ఆపకు" అంది.

అప్పుడు హైమ అడిగింది. "ఆ మాటకి అర్థమేంటి మామ్మా?"

"నీ పొద్దు బాగుండాలని తల్లీ. అంతే."

హైమ చెయ్యి విడిపించుకుంది. "ఇంటి దగ్గర్నించి వస్తున్నాం, ఈ మాట ఇంకొక్కళ్ళు అన్నారా అత్తా" అంది. గవరమ్మ వైపు తిరిగి, "గుడ్ మారో మామ్మా" అని పరుగెత్తి రైలెక్కేసింది.

దొరలు పోయాక గవరమ్మకి ఆ మాట తిరిగి చెప్పింది హైమ ఒక్కతే. ఆవిడ అరుగు మీదే కూర్చుని తనివితీరా ఏడ్చింది.

సాయంత్రం హైమ నవ్వుతూ రైలు దిగింది. చదువుకుంది కాబట్టి బాగా రాసింది, అంతే.

మర్నాడు తెల్లారుతూనే గవరమ్మ తలుపు చప్పుడైంది. చూస్తే చిట్టెమ్మ. ఖాళీ చెయ్యమని చెప్పడానికే వచ్చిందనుకుని, "సామాను సర్దుకుంటున్నానమ్మా" అంది గవరమ్మ.

చిట్టెమ్మ నేల చూపులు చూస్తూ, "ఇవాళ దానికి లెక్కల పరీక్ష అక్కా. కాస్త ఎదురు రావూ" అంది.

గవరమ్మ అరుగు మీద కాదు, నడివీధిలోకొచ్చి నిలబడింది. ఆ తర్వాత ఆవిణ్ణి ఇల్లు ఖాళీ చెయ్యమన్నవాళ్ళు లేరు.

మీ తాతయ్య పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో నా మొహం చూడకుండా ఒక్కరోజైనా బడికెళ్ళావా నువ్వు? అదంతా గవరమ్మ పెట్టిన భిక్ష, బుజ్జీ.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
పొద్దున్నే నేనెదురొస్తా
మా ఇంట్లోని బుజ్జికి.