గవరయ్య కళ్ళకు కాపలా

గుల్లలపేట రేవులో ఇసుకకి కొదవ లేదు, పైడయ్య ఇంట్లో తెలివికి కొదవ లేదు. మొదటి మాట ఊరంతా ఒప్పుకుంటుంది. రెండో మాట పైడయ్య ఒక్కడే అంటాడు. కాకపోతే రోజుకి పదిసార్లు అంటాడు.

"జనం ఎందుకు చెడిపోతున్నారో తెలుసా? చెప్పింది చెప్పినట్టు చెయ్యరు, సొంత బుర్ర పెడతారు. మా ఇంట్లో ఆ జబ్బు లేదు," అనేవాడు మీసం దువ్వుకుంటూ. నిజమే పాపం, లేదు. బుర్ర ఉన్నవాళ్ళకి కదా బుర్ర జబ్బులు!

ఆ ఇంట్లో నలుగురు. తండ్రి గవరయ్య, పెద్దకొడుకు పైడయ్య, వాడి పెళ్ళాం నూకాలు, తమ్ముడు దాలయ్య. ఆ ఇంటికో ఆచారం ఉంది. పెద్దమనిషెవరైనా ఒక మాట చెబితే, విన్నవాడు ఇంటికొచ్చి అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి మూడుసార్లు అప్పజెప్పాలి. వాళ్ళు మూడుసార్లు తిరిగి అనాలి. ఆ తర్వాత ఆ మాట నుంచి వెంట్రుకవాసి కదలడానికి వీల్లేదు. కొంప మునిగినా సరే, మాట ప్రకారమే మునగాలి.

వాళ్ళలో పనికొచ్చే మనిషి గవరయ్యే. చిరిగిన వల ఆయన ఒళ్ళో పడితే కొత్తదై లేచేది. రేవులో పడవ సరంగులందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. వల ఒళ్ళో ఉంటే ఆయనకి తిండి కూడా గుర్తొచ్చేది కాదు. పైడయ్యకి తండ్రంటే ప్రాణం. ఆ ప్రాణమే తండ్రి ప్రాణం మీదికి తెచ్చింది.

ఒక ఏడాది వానాకాలం మొదట్లో గవరయ్య తేడాగా నడవడం మొదలెట్టాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడేది. పక్కన ఉన్న గుంజకి మాత్రం ఢీకొనేవాడు. కంచంలో అన్నం తింటూ, పక్కనున్న కూర గిన్నె కనబడక "కూర వెయ్యలేదేమే?" అని కోడల్ని కేకలేసేవాడు. ఎర్రయ్య సరంగు ఇదంతా చూసి, "ఒరే పైడయ్యా, మీ అయ్యకి పక్కలు కనబడ్డం లేదురా. పట్నం తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించు," అన్నాడు.

చూపించమన్నాడు. అంతే, మర్నాడే నలుగురూ బస్సెక్కారు.

డాక్టరమ్మ గవరయ్య కళ్ళల్లో లైటు వేసి చూసింది, ఏదో మిషను పెట్టి కొలిచింది. తర్వాత నలుగురినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"పెద్దాయన కంట్లో ప్రెషరు ఎక్కువగా ఉంది. నీటికాసులంటారు. ఇది చప్పుడు చెయ్యకుండా పక్కల నుంచి చూపుని తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, రెండు కళ్ళలోనూ. చుక్క వేశాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. సీసా బాగా చల్లగా ఉండే చోట పెట్టండి. మూడు నెలలకోసారి పరీక్షకి తీసుకురండి. అందరూ బాధ మొదలయ్యాక పరిగెత్తుకొస్తారు. అప్పుడు నేను చేసేదేం ఉండదు. బాధ లేనప్పుడే రావాలి. తెలిసిందా?"

"తెలియకేమమ్మా!" అన్నాడు పైడయ్య. డాక్టరమ్మ నమ్మింది. చదువుకున్నదే కానీ పాపం, గుల్లలపేట సంగతి ఆవిడకేం తెలుసు?

ఇంటికొచ్చి అరుగు మీద మూడుసార్లు అప్పజెప్పుకున్నారు. సాయంత్రం అయింది. పైడయ్య తండ్రి కళ్ళలో చుక్కలు వేశాడు. ఇప్పుడు ఒక సందేహం పుట్టింది.

"కళ్ళు మూసుకోమంది గదా, ఎవరు మూసుకోవాలి?" అన్నాడు దాలయ్య.

"ఎవరని చెప్పలేదు. నలుగురినీ చూసి చెప్పింది," అంది నూకాలు.

"అయితే నలుగురం మూసుకోవాలి. ఇందులో ఆలోచించేదేం ఉంది?" అన్నాడు పైడయ్య.

ఇంకేముంది! నలుగురూ గోడకి చేరగిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. పిల్లి దర్జాగా వచ్చి చట్టిలో చేపల పులుసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని పోయింది. మర్నాడు పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. మూడోరోజు పైడయ్యకి తెలివి తన్నుకొచ్చింది. చుక్కలు వేసే ముందు తలుపు గడియ పెట్టాడు. పిల్లి లోపలే ఉంది. ఆరోజు అది తొందర లేకుండా తింది.

"గడియ వేసినా పోయిందంటే ఇది పిల్లి పని కాదు. పులుసే అడుగంటిపోతోంది. నూకాలూ, నీ చట్టిలోనే ఏదో లోపముంది," అని తేల్చాడు పైడయ్య. చట్టి మార్చారు. పిల్లి కొత్త చట్టి కూడా నాకింది.

ఇక సీసా సంగతి. బాగా చల్లగా ఉండే చోట పెట్టమంది డాక్టరమ్మ. దాలయ్య సీసా పట్టుకుని ఊరంతా తిరిగాడు. కుండ వెనక చెయ్యి పెట్టి చూశాడు, చల్లగానే ఉంది కానీ బాగా చల్లగా లేదు. బావి గట్టు చూశాడు, లేదు. చివరికి రేవులో రొయ్యల వ్యాపారి ఐసుపెట్టెలో చెయ్యి పెట్టాడు. చెయ్యి కొంకర్లు పోయింది. "ఇదే!" అని కేకేసి, సీసాని రొయ్యల మధ్య కూరి వచ్చాడు. అప్పట్నుంచి పూటపూటా రేవుకి పరుగెత్తి, సీసా తెచ్చి, చుక్కలు వేసి, మళ్ళీ అక్కడే దాచేవాళ్ళు. సరిగ్గా తొమ్మిది రోజులు సాగింది. పదోరోజు లారీ వచ్చింది. ఐసుపెట్టె ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది.

"అన్నా, సీసా పోయింది!" అని దాలయ్య గుండె బాదుకున్నాడు.

"ఏడవకురా. ఎక్కడున్నా బాగా చల్లగానే ఉంటుంది గదా. డాక్టరమ్మ అడిగితే ధైర్యంగా చెప్పుకోవచ్చు," అన్నాడు పైడయ్య.

"మరి చుక్కలో?"

"చుక్కల మందు పోయిందిగానీ చుక్కలు వేసే పద్ధతి పోలేదు గదా. ఆ పద్ధతి మనం మానకూడదు."

అంతే. రోజూ రెండు పూటలా గవరయ్య తల వెనక్కి వాల్చేవాడు. పైడయ్య ఉత్త వేళ్ళు కంటిమీద పెట్టి ఒకసారి నొక్కినట్టు చేసేవాడు. నలుగురూ ఐదు నిమిషాలు కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒక్కరోజు తప్పలేదు. పిల్లి కూడా ఒక్కరోజు తప్పలేదు. మందుల షాపు బస్టాండు పక్కనే ఉంది, ఇంకో సీసా కొనుక్కోవచ్చని ఆ ఇంట్లో ఒక్కడికీ తట్టలేదు. కొనుక్కోమని ఎవరూ చెప్పలేదు మరి!

గవరయ్య చూపు మెల్లగా పక్కల నుంచి ముడుచుకొచ్చేసింది. వల మధ్యలో చిరుగు కనబడితే కుట్టేవాడు, అంచుల్లో చిరుగు తెలిసేది కాదు. అలా ఎర్రయ్య సరంగు వలకి అంచున నాలుగు చిల్లులు కుట్టకుండా వదిలేశాడు. ఎర్రయ్య వేటకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, వల తెచ్చి అరుగు మీద విసిరాడు.

"గవరయ్యా, నీ మీద గౌరవంతో ఇంకోసారి ఇస్తున్నా. ఈసారి ఈ వలలో ఒక్క చిల్లు కనబడ్డా ఊరుకోను!"

ఆయన వెళ్ళగానే దాలయ్య వలని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. నోరు తెరిచేశాడు. "అన్నా, ఈ వల నిండా చిల్లులే!"

పైడయ్య చూశాడు. నిజంగానే ఎక్కడ చూసినా చిల్లే. "ఇన్నాళ్ళూ ఈ వలతో ఎలా వేటాడాడ్రా మహానుభావుడు!" అని జాలిపడ్డాడు. గవరయ్య వద్దన్నాడు. నలభై ఏళ్ళ చెయ్యి ఆయనది, వలంటే అలాగే ఉంటుందని చెప్పాడు. "అయ్యా, నీకు కనబడ్డం లేదు గదా, నువ్వు మాట్లాడకు," అన్నాడు కొడుకు. ఆ ఒక్క మాటకి పెద్దాయన తల దించుకున్నాడు. ఐదురోజులు ముగ్గురూ కూర్చుని, దారం మీద దారం తెచ్చి, ఒక్క సందు మిగలకుండా కుట్టిపారేశారు. వల కాస్తా గోనెపట్టాలా తయారైంది.

ఎర్రయ్య మడత విప్పకుండానే పడవలో వేసుకుపోయి సముద్రంలో దాన్ని దించాడు. ఇంకేముంది, నీళ్ళు దాటే దారి లేక పట్టా నిండిపోయింది, పడవ పక్కకి ఒరిగింది, మనుషులు నీళ్ళలో దూకారు. దేవుడి దయవల్ల అందరూ ఒడ్డు చేరారు. ఆ సాయంత్రమే ఎర్రయ్య తన వలలన్నీ పక్క ఊరికి పంపేశాడు. మిగతా సరంగులూ అంతే చేశారు.

గవరయ్య అరుగు మీద ఖాళీ ఒడితో కూర్చున్నాడు. "వల లేకపోతే నేనేం చెయ్యాలిరా పైడయ్యా? నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలిరా?" అన్నాడు. పైడయ్యకి దుఃఖం పొంగుకొచ్చింది. తండ్రి కళ్ళు ఎలాగైనా కాపాడాలి, ఆ ఒళ్ళోకి మళ్ళీ వల రావాలి అనుకున్నాడు. వాడి మనసు బంగారం. ఆ బంగారం తలదాకా మాత్రం ఎక్కలేదు, ఏం చేస్తాం!

మూడు నెలలు నిండాయి. పరీక్షకి వెళ్ళాల్సిన రోజు. నూకాలు తెల్లారకముందే లేచి పులిహోర మూట కట్టింది. ఆ పొద్దునే గవరయ్య గుంజకి గుద్దుకుని నుదురు వాచి, తలా కళ్ళూ పోట్లు పెడుతున్నాయని మూలుగుతున్నాడు.

బస్సు హారన్ వినబడింది. పైడయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఆగండి. డాక్టరమ్మ ఏమంది?"

"బాధ లేనప్పుడే రావాలంది," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"అయ్యా, నీకు బాధ ఉందా?"

"ఉందిరా, చచ్చేంత ఉంది."

"అయితే ఎలా వెళ్తాం? బాధతో వెళ్తే చేసేదేం ఉండదని అంత గట్టిగా చెప్పింది గదా. తగ్గాక వెళ్దాం."

బస్సు వెళ్ళిపోయింది. పులిహోర అరుగు మీదే తినేశారు. ఆ రోజు మొదలు పైడయ్య ప్రతి ఆదివారం తండ్రి ముందు కూర్చుని "అయ్యా, బాధ పోయిందా?" అని అడిగేవాడు. గవరయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. "లేదురా," అనేవాడు. "అయితే వచ్చేవారం చూద్దాం," అనేవాడు కొడుకు. వారం వెనక వారం, అలా ఎనిమిది నెలలు. బాధ ఉన్నందుకే వెళ్ళకుండా, వెళ్ళనందుకే బాధ పెరిగేలా ఎంత బాగా కాపలా కాశారో!

ఒక ఆదివారం కొడుకు అడక్కముందే గవరయ్యే పిలిచాడు. "ఒరే, పోట్లు పోయాయిరా. ఎడమ పక్క ఇప్పుడు నొప్పీ లేదు, వెలుతురూ లేదు."

"నొప్పి లేదా!" పైడయ్య ఎగిరి గంతేశాడు. నూకాలు బెల్లం ముక్క తెచ్చి మావగారి నోట్లో పెట్టింది. దాలయ్య వీధిలోకెళ్ళి ఈల వేశాడు. "వెలుతురు లేదు" అన్న మాట ఒక్కడి చెవికీ ఎక్కలేదు. డాక్టరమ్మ వెలుతురు గురించి ఏమీ చెప్పలేదు గదా మరి. మర్నాడు పొద్దున్నే సంబరంగా బస్సెక్కారు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది.

"ఎడమ కన్ను పూర్తిగా పోయింది. చుక్కలు వేశారా?"

"రోజూ వేశామమ్మా. తొమ్మిది రోజులు మందుతో, మిగతా రోజులు మందు లేకుండా," అన్నాడు పైడయ్య గర్వంగా.

"మూడు నెలలకి రమ్మంటే పదకొండు నెలలు ఎందుకు ఆగారు?"

"అయ్యకి బాధ ఉందమ్మా. బాధ లేనప్పుడే రమ్మన్నారు మీరు."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. లేచి కిటికీ దాకా వెళ్ళి, వచ్చి కూర్చుంది. ఈసారి చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. బాధ ఉన్నా లేకపోయినా చీటీ మీద రాసిన తేదీకి రావాలి. మందు అయిపోతే కొత్తది కొనాలి. సీసా ఇంట్లోనే ఉండాలి. ఈ జబ్బు తండ్రి నుంచి పిల్లలకి వస్తుంది కాబట్టి అన్నదమ్ములిద్దరూ కూడా ఏటా కళ్ళు చూపించుకోవాలి. అవన్నీ చెప్పి, చివర్లో గవరయ్య చెయ్యి పట్టుకుంది.

"కుడి కంట్లో కొంచెం చూపు మిగిలింది. ఈయన ఇక బతకాల్సింది దాంతోనే. ఉన్న ఆ కాస్తా జాగ్రత్తగా దాచుకోండి. పిసరంత కూడా పోనివ్వకండి."

తిరుగు బస్సులో పైడయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. తప్పంతా తనదేననుకున్నాడు, అది ఆ ఇంట్లో పుట్టిన మొదటి సరైన ఆలోచన. ఇంటికొచ్చి, అరుగు మీద డాక్టరమ్మ మాటలన్నీ మూడుసార్లు అప్పజెప్పాడు.

"దాచుకోమంది. కన్ను ఎలా దాస్తాంరా?" అన్నాడు దాలయ్యతో.

నూకాలు ముందుకొచ్చింది. "నా పెళ్ళి పట్టుచీర పన్నెండేళ్ళ నుంచి పెట్టెలో ఉంది. ఒక్క పోగు చెదరలేదు. ఎందుకంటావు? ఒక్కసారీ కట్టలేదు. వాడితేనే గదా ఏదైనా అరిగేది!"

పైడయ్య కళ్ళు మెరిశాయి. తన పెళ్ళానికి ఇంత తెలివి ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అని సిగ్గుపడ్డాడు. ఇంకేముంది! కొత్త తువ్వాలు తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, తండ్రి కుడికన్ను మీద కట్టేశాడు. ఎడమ కన్ను తెరిచే ఉంచాడు. పోయిన కన్నే గదా, ఎంత వాడినా ఇక పోయేదేం లేదు. చుక్కలు కూడా మానలేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తువ్వాలు మీద.

నెల తిరక్కముందే ఎర్రయ్య సరంగు మనసు కరిగింది. పాత స్నేహం కొద్దీ చిన్న వల ఒకటి తెచ్చి గవరయ్య ఒళ్ళో పెట్టి, పెద్దాయన ముఖం చూడలేక గబగబా వెళ్ళిపోయాడు. గవరయ్య వేళ్ళు వల మీద ఆత్రంగా తడిమాయి. చిరుగు ఎక్కడుందో అంతుబట్టలేదు. సూది వేలికి గుచ్చుకుంది.

"ఏమీ కనబడ్డం లేదురా పైడయ్యా. ఈ గుడ్డ ఒక్కసారి తీస్తావా?"

"వద్దయ్యా! మంచి కన్ను అందులో ఉంది. అవసరానికి పనికొస్తుందనే గదా దాచింది."

"అవసరం ఎప్పుడురా మరి?"

పైడయ్య ఆలోచించాడు. డాక్టరమ్మ మాటలన్నీ మొదట్నుంచీ ఒకసారి మనసులో అప్పజెప్పుకున్నాడు. ఎక్కడా ఆ ముక్క లేదు.

"అది చెప్పలేదయ్యా," అని, వదులైన తువ్వాలుకి ఇంకో ముడి బిగించాడు.