గేటుకాడ నూకాలు ఇచ్చిన ఖో

అనగనగా అంటే రాజులున్నప్పటి అనగనగా కాదు. బడికి గంట ఉంది, గోడ లేదు. పెద్దమేస్టారికి సైకిలుంది, సైకిలుకి బ్రేకు లేదు. అప్పటి మాట.

మూడు ఊళ్ళకి కలిపి ఒక హైస్కూలు ఉండేది. మెరక మీద మిట్టపేట, పల్లంలో పల్లంపేట, ఏటికి అవతల ఏటిపేట. మిట్టపేట వాళ్ళు చోళ్ళు, అంటే రాగులు, పండించేవాళ్ళు. పల్లంపేట వాళ్ళు వరి పండించేవాళ్ళు. ఏటిపేట వాళ్ళు వంకాయలు పండించి చేపలు పట్టేవాళ్ళు. బడి ఒకటే గాని, బడిలోనూ ఊళ్ళు మూడే.

మధ్యాహ్నం గంట కొడితే మిట్టపేట పిల్లలు వేపచెట్టు కింద కేరేజీలు విప్పేవాళ్ళు. పల్లంపేట పిల్లలు వరండాలో విప్పేవాళ్ళు. ఏటిపేట పిల్లలు బోరింగు పక్కన విప్పేవాళ్ళు. వనభోజనాలకి వెళ్తే మూడు పొయ్యిలు. వార్షికోత్సవానికి నాటకం వేద్దామంటే, రాజు ఏ ఊరివాడన్న దగ్గరే తెర దిగిపోయేది.

ఆటలు మాత్రం మానేవాళ్ళు కాదు. ఆడపిల్లలకి ఖోఖో అంటే ప్రాణం. ఆవరణలో రెండు స్తంభాలు పాతి ఉండేవి. సాయంత్రం చివరి గంట ఖోఖోది. పక్క ఊళ్ళ బడుల్లో అయితే పిల్లలు ఇద్దరిద్దరు జతకట్టి, చెవిలో పేర్లు చెప్పుకుని వచ్చి, "మల్లె కావాలా, మొల్ల కావాలా" అని అడిగి జట్లు పంచుకుంటారు. ఇక్కడ ఆ బాధ లేదు. ఊరే జట్టు. రెండు ఊళ్ళు ఆడతాయి, మూడో ఊరు గట్టు మీద కూర్చుని వెక్కిరిస్తుంది.

ఆ బడిలో ఏ ఊరికీ చెందని పిల్ల ఒకతె ఉండేది. పేరు నూకాలు. వాళ్ళ నాన్న అప్పలస్వామి రైలు గేటు వేసేవాడు. మూడు ఊళ్ళ దారులూ ఆ గేటు దగ్గర కలుస్తాయి. గేటు పక్కన రైల్వే వాళ్ళు కట్టించిన ఒంటిగది ఇల్లు. అది మిట్టపేటలో లేదు, పల్లంపేటలో లేదు, ఏటిపేటలో లేదు. కాబట్టి నూకాలుకి జట్టు లేదు.

జట్టు లేనివాళ్ళని ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. నూకాల్ని ఆటలో అరటిపండు చేశారు. అరటిపండు పరిగెత్తవచ్చు, ముట్టుకోవచ్చు, అరవవచ్చు. తనను పట్టుకున్నా ఔట్ కాదు. తను పట్టుకున్నా లెక్క కాదు. అది చంటిపిల్లలకి ఇచ్చే పదవి. నూకాలుకి అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఒకనాడు గేటు వేసి ఉండగా నాన్నని అడిగింది.

"నాన్నా, మనది ఏ ఊరు?"

"గేటు," అన్నాడు అప్పలస్వామి.

"గేటు ఊరేటి నాన్నా?"

"బండొస్తే వేస్తాం. బండి పోతే తీస్తాం. జీపొచ్చినా ఆగాలి, మేకలొచ్చినా ఆగాలి. మనకో ఊరుంటే ఈ పని కుదురుతాదేటి?"

"నీకు కుదురుతాది. నాకు ఆటలో లెక్క కావాలి."

"అది నన్నడుగుతావేటి? ఆడేవాళ్ళనడుగు," అని గేటు ఎత్తేశాడు.

సరే, అడగడానికి సమయం వచ్చింది. ఏటేటా పట్నం బడితో ఖోఖో పోటీ ఉంటుంది. అంతకు ముందు ఏడు ఈ పిల్లలు అక్కడికి వెళ్ళి అవతలి జట్టుతో కాదు, తమలో తామే జుట్లు పట్టుకున్నారు. పట్నం వాళ్ళు పల్లీలు తింటూ చూశారు. పెద్దమేస్టారు తలెత్తుకోలేకపోయారు. ఈ ఏడు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక మాట చెప్పారు.

"గెలుస్తారో ఓడతారో నాకక్కర్లేదు. తొమ్మిదిమందీ ఒక జట్టులా కనబడాలి. మళ్ళీ మూడు ఊళ్ళు కనబడ్డాయంటే ఆ స్తంభాలు రెండూ పీకించి పొయ్యిలో పెట్టిస్తాను. సాయంత్రాలు మీరు కూర్చుని చాపలల్లుకోవచ్చు."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. పిల్లలకి అది తెలుసు.

తొమ్మిదిమందిని ఎంచడానికి ఊరికి ముగ్గురు అనుకున్నారు. మిట్టపేటకి సింహాలు నాయకురాలు. గట్టి పిల్ల, గొంతు ఇంకా గట్టిది. పల్లంపేటకి వరహాలు. జడకి రోజూ రిబ్బను కడుతుంది, మాటకి ముడి వేస్తుంది. ఏటిపేటకి పైడమ్మ. ఏట్లో చేపలాగే దొరకదు.

నూకాలు ముందు సింహాలు దగ్గరికి వెళ్ళింది. "ఒలే సింహాలూ, నన్ను లెక్కలో వేసుకో."

"మాకు ముగ్గురూ నిండారు. వరహాల్ని అడుగు."

వరహాలు దగ్గరికి వెళ్ళింది. "నన్ను లెక్కలో వేసుకో."

"మాకూ నిండారు. పైడమ్మనడుగు."

పైడమ్మ దగ్గరికి వెళ్ళింది. "నన్ను లెక్కలో వేసుకో."

"మాకూ నిండారు. సింహాల్ని అడుగు."

"గుండ్రంగా తిప్పుతున్నారేటే నన్ను," అంది నూకాలు. "సర్లే, బండెక్కుతాను. అరటిపండుకి బండిలో చోటుంటాది కదా."

"మంచినీళ్ళ కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చో," అన్నారు పెద్దమేస్టారు.

పోటీ రోజు వచ్చింది. ఒక ఎడ్లబండి చాలు. మూడు బళ్ళు కట్టారు. ఊరికో బండి. నూకాలు గేటు దగ్గర చివరి బండెక్కి కుండ ఒళ్ళో పెట్టుకుంది. గేటు దాటగానే మూడు బళ్ళకీ పందెం పుట్టింది. మా బండి ముందు పోవాలంటే మా బండి ముందు పోవాలి. పట్నం పొలిమేరలో పల్లంపేట బండి గతుకులో పడింది. ఒక పిల్ల ఎగిరి కింద పడి చీలమండ బెణికించుకుంది. చెప్పు పట్టనంతగా వాచింది.

ఇక మిగిలింది ఎనిమిదిమంది. తొమ్మిదిమంది లేకపోతే ఆట లేదు.

ముగ్గురు నాయకురాళ్ళూ నూకాలు వైపు చూశారు. నూకాలు కుండలో నీళ్ళు చూసుకుంటోంది.

"మా లెక్కలో కాదు," అంది సింహాలు.

"మా లెక్కలోనూ కాదు," అంది వరహాలు.

"మా లెక్కలో అసలే కాదు," అంది పైడమ్మ.

"బడి లెక్కలో," అన్నారు పెద్దమేస్టారు. "కుండ నాకిచ్చి వెళ్ళవే."

ఖోఖో తెలియనివాళ్ళు ఉండరు గాని, మరిచిపోయినవాళ్ళు ఉంటారు. ఎనిమిదిమంది వరసలో కూర్చుంటారు, ఒకరి ముఖం ఇటు, ఒకరి ముఖం అటు. తొమ్మిదో ఆమె తరుముతుంది. తరిమే ఆమె వరస మధ్యలోంచి దూరకూడదు, వెనక్కి తిరగకూడదు. పారిపోయే పిల్ల వరసకి అవతలికి దాటితే, అటు ముఖంగా కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అనాలి. ఆమె లేచి తరుముతుంది, ఈమె ఆ చోట కూర్చుంటుంది. అంతే ఆట. వీపు తట్టడంలోనే ఉంది గెలుపంతా.

మొదటి వంతు మనవాళ్ళు తరిమారు. సింహాలు తరుముతుంటే పట్నం పిల్ల వరస దాటి పైడమ్మ ముందునుంచే పోయింది. తడితే పట్టుబడేదే. సింహాలు తట్టలేదు. ఇంకా ముందుకి పరిగెత్తి మిట్టపేట పిల్ల వీపు తట్టింది. అప్పటికి పట్నం పిల్ల అవతలి స్తంభం దగ్గర ఓణీ సర్దుకుంటోంది. సొంతూరివాళ్ళెవరూ అందక, గత్యంతరం లేక ఎవరో తడితే వరహాలు లేచింది. ఆమె పల్లంపేట వీపే వెతుక్కుంది. అలాగే పైడమ్మ లేచింది. ఆమె ఏటిపేట వీపే వెతుక్కుంది. ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళ పక్కనే కూర్చున్నారు కాబట్టి ఒకే వరస మీద మూడు ఆటల్లా నడిచింది.

స్తంభం పక్కన చివర నూకాలు కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఒక్కరూ ఆమె వీపు తట్టలేదు. మోకాళ్ళు పట్టేశాయి.

పట్నం వాళ్ళకి కిటుకు తెలిసిపోయింది. "ఒసే, వీళ్ళు సొంతవాళ్ళకే ఇస్తారే. పక్కన నించున్నా భయం లేదు," అని నవ్వారు. తమ వంతు రాగానే గబగబా మనవాళ్ళని పట్టేశారు. విరామానికి ఈల వేశారు.

పెద్దమేస్టారు మైదానంలో పట్నం వాళ్ళ స్తంభాల వైపు చూసి, కుండలోంచి నీళ్ళు వంచుకుని తాగారు. ఆ చూపు చూసి ఏటిపేట చిన్నది ఏడుపు మొదలెట్టింది.

నూకాలు మోకాళ్ళు రుద్దుకుంటూ వచ్చింది. ముగ్గురు నాయకురాళ్ళ ముందూ నిలబడింది.

"సింహాలూ, ఇందాక తరిమినప్పుడు నీకు పైడమ్మ వీపు కనబడిందా?"

"కనబడింది."

"వీపు మీద ఊరు రాసుందేటి?"

సింహాలు పైడమ్మ వీపు వైపు ఓరగా చూసింది.

"వరహాలూ, నీకు సింహాలు వీపు కనబడిందా? వీపు మీద ఊరు రాసుందేటి?"

వరహాలు రిబ్బను లాక్కుంది.

"పైడమ్మా, నీకు నా వీపు కనబడిందా? వీపు మీద ఊరు రాసుందేటి?"

"నీ వీపు మీద మట్టుంది," అంది పైడమ్మ.

"అది నిజమే," అని నూకాలు దులుపుకుంది. "ఇప్పుడు నా మాటినండి. ఇప్పట్నించి ఎవరూ సొంతూరి పిల్లకి ఖో ఇవ్వకూడదు. పక్కూరికే ఇవ్వాలి. ఒక్కసారి సొంతూరికి ఇచ్చారా, నేను లేచి బండెక్కేస్తాను. నేను లేస్తే మీరు ఎనిమిది. ఎనిమిదైతే ఆట లేదు. ఆట లేకపోతే స్తంభాలు లేవు. నాదేముంది, అరటిపండుని. నా పరువు పోదు. మీ మూడూళ్ళదీ పోతాది."

"బెదిరిస్తన్నావేటే?" అంది సింహాలు.

"అవునే," అంది నూకాలు.

అబద్ధం చెప్పే ముఖం కాదది. గేటు వేసిన అప్పలస్వామిది ఎలా ఉంటుందో అలా ఉంది. జీపు వచ్చినా తీయడని అందరికీ తెలుసు.

మళ్ళీ వరస కూర్చుంది. ఈసారి మిట్టపేట పక్కన పల్లంపేట, పల్లంపేట పక్కన ఏటిపేట. సింహాలు తరిమింది. పట్నం పిల్ల మునుపటిలాగే పైడమ్మ ముందు తాపీగా నిలబడింది. సింహాలు పళ్ళు కొరుక్కుని పైడమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. "ఖో!" అది తట్టడమో కొట్టడమో చెప్పలేం. పైడమ్మ బాణంలా లేచి ఆ పిల్లని పట్టేసింది. పట్నం పిల్ల ఇంకా నవ్వు పూర్తి చేయలేదు.

పైడమ్మ వరహాలికి ఇచ్చింది. వరహాలు సింహాలికి ఇచ్చింది. అప్పుడు ఒక సంగతి బయటపడింది. మిట్టపేట పిల్ల మిట్టపేటకి ఇవ్వకూడదు. పల్లంపేట పిల్ల పల్లంపేటకి ఇవ్వకూడదు. ఏటిపేట పిల్ల ఏటిపేటకి ఇవ్వకూడదు. కాని నూకాలుకి ఎవరైనా ఇవ్వొచ్చు. నూకాలు ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆమెకి ఊరు లేదు కదా. దాంతో ఎటు తిరిగినా ఖో నూకాలు వీపుకే వచ్చింది. లేచింది, తరిమింది, కూర్చుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ తరిమింది. పట్టిన ప్రతి పిల్లకీ లెక్కలవాడు గీత గీశాడు. నూకాలు ఆగి ఆ గీత వైపు ఒకసారి చూసుకుని మళ్ళీ పరిగెత్తేది.

ఇంతకీ గెలిచారా అని అడుగుతారు. మిట్టపేటలో అడిగితే గెలిచామంటారు. పల్లంపేటలో అడిగితే ఒక్కరి తేడాతో పోయిందంటారు. ఏటిపేటలో అడిగితే సమానమయ్యాయంటారు. మూడు ఊళ్ళూ ఒప్పుకునేది ఒకటే. మర్నాడు స్తంభాలు ఉన్నచోటే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే ముగ్గురూ నూకాలు చుట్టూ చేరారు.

"రేపట్నించి నువ్వు మిట్టపేట లెక్క," అంది సింహాలు.

"పల్లంపేట లెక్క," అంది వరహాలు.

"ఏటిపేట లెక్క. చేపల పులుసు కూడా పెడతాం," అంది పైడమ్మ.

నూకాలు తల అడ్డంగా ఊపింది. "పులుసు పెట్టు గాని లెక్క వద్దు. నాకు ఊరు దొరికితే ఇంక అందరూ నాకు ఖో ఇస్తారేటే? అంత తెలివితక్కువదాన్నా నేను?"

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టారు. సింహాలు వేపచెట్టు కింద కేరేజీ విప్పింది. వెనకనుంచి ఎవరో వీపు తట్టి "ఖో" అన్నారు. అలవాటుగా సింహాలు దిగ్గున లేచింది. నూకాలు ఆమె చోట కూర్చుని ఆమె అంబలి ముందుకి లాక్కుంది. సింహాలికి నిలబడ్డానికి సిగ్గేసి, వరండాలోకి వెళ్ళి వరహాలు వీపు తట్టింది. వరహాలు బోరింగు దగ్గరికి వెళ్ళి పైడమ్మ వీపు తట్టింది. తిరుగు గంట కొట్టేసరికి ఎవరి కూర ఎవరు తిన్నారో ఎవరికీ తెలియదు. ఆ ఏడు వార్షికోత్సవానికి నాటకం పూర్తిగా నడిచింది. రాజు ఏ ఊరివాడో ఎవరికీ గుర్తులేదు. బాగా నటించలేదని మాత్రం గుర్తుంది.

నూకాలు గొప్పదేమీ కాలేదు. నాన్న తర్వాత గేటు ఆమెకే వచ్చింది. బండొస్తే వేసింది, బండి పోతే తీసింది. పెద్దదైంది, ముసలిదైంది, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయింది.

పోయాక పేచీ వచ్చింది. ఏ ఊరి వల్లకాటికి తీసుకెళ్ళాలి? మిట్టపేట మాదంది. పల్లంపేట మాదంది. ఏటిపేట మాదంది. సింహాలు, వరహాలు, పైడమ్మ అప్పటికి తలలు నెరిసిన నాయనమ్మలు. ముగ్గురూ వచ్చి పాడె దగ్గర నిలబడ్డారు.

"ఆడవాళ్ళు పాడె మొయ్యడమేటి?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"భుజం మీద రాసుందేటి?" అంది సింహాలు. ఆమె గొంతు అప్పటికీ గట్టిదే.

సింహాలు భుజం పెట్టింది, పాడె లేచింది. పది అడుగులు వేశాక వెనకనుంచి వరహాలు సింహాలు వీపు తట్టింది. "ఖో." సింహాలు పక్కకి తప్పుకుంది, వరహాలు భుజం పెట్టింది. ఇంకొంచెం పోయాక పైడమ్మ తట్టింది. తర్వాత వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, బడిపిల్లలు. సొంతూరి వాళ్ళ వీపు ఎవరూ తట్టలేదు. అలా భుజాలు మారుతూ మారుతూ, ఏ ఊరికీ చేరకుండా, మూడు పొలిమేరలూ కలిసేచోట దించారు.

ఇప్పుడా బడికి గోడ వచ్చింది. మేస్టార్లకి మోటారు సైకిళ్ళు వచ్చాయి. స్తంభాలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆట మొదలవగానే మొదటి ఖో పక్కూరి పిల్లకే ఇవ్వాలి. జట్లు పంచుకున్నాక ఒకరు మిగిలితే ఆ పిల్లని నూకాలు అంటారు. ఆ ఒక్క చోటు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. ఆ మూడు ఊళ్ళలో పెళ్ళి భోజనాలకి కూర్చుని ఎవరైనా సొంతవాళ్ళ పక్కనే అతుక్కుపోతే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి వీపు మీద పడుతుంది. వాళ్ళు విస్తరి వదిలి లేవాల్సిందే. కాదంటే మూడు ఊళ్ళూ ఒకే మాట అడుగుతాయి. వీపు మీద ఊరు రాసుందేటి?

కథ వచ్చి ఇక్కడ కూర్చుంది. విన్నవాళ్ళు లేవాలి.

ఖో.