అరగని రాయి

తుంగభద్ర రేవులో పుట్టి వేసి జనాన్ని ఏరు దాటించే కిష్టప్పకు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు సుంకులమ్మ పెద్దది. ఆమె తర్వాత మద్దిలేటి. ఒక వానాకాలం ఏటికి పెద్ద నీళ్ళొచ్చి, పుట్టి తిరగబడి మద్దిలేటి పోయాడు. ఇంకా మీసం కూడా రాని పిల్లాడు. శవం దొరకలేదు. ఆ తర్వాత కిష్టప్ప ఇంట్లో కొడుకు పేరెత్తలేదు.

రోజులు గడిచేకొద్దీ సుంకులమ్మకు ఒక భయం పట్టుకుంది. తమ్ముడి మొహం గుర్తుకు రావడం లేదు. ముక్కు గుర్తొస్తే నోరు గుర్తుకు రాదు. నోరు గుర్తొస్తే కళ్ళు చెదిరిపోతాయి. మట్టితో వాడి బొమ్మ చేసి అరుగు మీద పెట్టుకుంది. ఒక జల్లుకే అది కరిగి ముద్దయింది. ఆ ముద్దను చూసి ఆమె ఏడవలేదు. తలకు గుడ్డ చుట్టుకుని నేరుగా వెళ్ళి ఊరవతల శిల్పి మోనాచారి కొట్టం ముందు నిలబడింది.

"మా తమ్ముణ్ణి ఎప్పటికీ పోకుండా రాతిలో నిలపాల సామీ. పని నేర్పించండి."

ఆడపిల్ల ఉలి పట్టడమేమిటని ఊరు నవ్వింది. మోనాచారి నవ్వలేదు. చేతులు చూపించమన్నాడు. తెడ్డు పట్టి పట్టి కాయలు కాసిన అరచేతులు. ఒక సుత్తి తెచ్చి వాటిలో పెట్టాడు.

ఏళ్ళు గడిచాయి. రాయి ఎక్కడ మాట వింటుందో, ఎక్కడ వినదో ఆమెకు తెలిసొచ్చింది. తీగలు చెక్కింది, హంసలు చెక్కింది, ద్వారపాలకుల్ని నిలబెట్టింది. చివరికి గుట్టలన్నీ తిరిగి, అన్నిటికన్నా గట్టి నల్లరాయి ఎంచుకుని తమ్ముడి మొహం మొదలుపెట్టింది. తీరా పూర్తయ్యాక చూస్తే ఎవరో చక్కని పిల్లవాడు, మద్దిలేటి కాదు. పగలగొట్టింది. మళ్ళీ చెక్కింది. మళ్ళీ పగలగొట్టింది.

"ఈ రాయి పనికిరాదు సామీ," అంది గురువుతో. "ఇంతకన్నా గట్టిది, ఎన్నటికీ అరగనిది యాడుందో చెప్పండి. ఎంత దూరమైనా పోయి తెచ్చుకుంటా."

మోనాచారి తువ్వాలు భుజాన వేసుకుని ఏటి వైపు నడిచాడు. ఆమె వెంట నడిచింది.

ఎండాకాలం. నీళ్ళు తగ్గి, ఎప్పుడూ మునిగి ఉండే బండలు బయటపడ్డాయి. గురువు ఆమె కళ్ళకు తువ్వాలు కట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ చేతిని ఒక రాతి మీద ఉంచాడు.

"ఎవరు?"

సుంకులమ్మ తడిమింది. గులకరాయిలా నున్నగా ఉంది. ముక్కు లేదు. కళ్ళు లేవు. పెదవులుండాల్సిన చోట వేలు జారిపోయింది. చెయ్యి కిందికి దిగింది. మెడ ఒక పక్కకు వాలి ఉంది. భుజం ముందుకు ఒదిగింది. ఆ ఒంపు కింద చిన్న ఉబ్బు.

"తల్లి," అంది. "బిడ్డకు పాలిస్తా ఉంది."

"మొహం చూసి చెప్పినావా?"

ఆమె చెయ్యి మళ్ళీ పైకి, ఆ నున్నటి చోటికి పోయింది.

"మా పెద్దలు ఎవరో చేసింది," అన్నాడు గురువు. "ఒకప్పుడు ముక్కుపుడక కూడా కనపడేదని మా తాత చెప్పేవాడు."

అంతే చెప్పి, తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు. సుంకులమ్మ ఎండ తగ్గేదాకా ఆ రాతి పక్కనే కూర్చుంది.

మర్నాడు ఆమె గుట్టలకు పోలేదు. కొట్టం వెనక ఎవరికీ అక్కర్లేక పడి ఉన్న మామూలు రాయి ఒకటి దొర్లించుకొచ్చింది. వానలు మొదలైనా ఆపలేదు. చూరు కింద కూర్చుని చెక్కింది. వేళ్ళు పగిలితే గుడ్డపేలికలు చుట్టుకుని చెక్కింది.

గురువు ఒక్కసారి మాత్రం అడిగాడు. "బొమ్మకు కళ్ళు తెరవవా?"

"వాడు కిందికి చూస్తున్నాడు సామీ. కళ్ళు కనపడవు."

పని ముగింపుకొచ్చిన రోజు, కూతుర్ని ఇంటికి పిలుచుకుపోదామని కిష్టప్ప వచ్చాడు. వాకిట్లోనే ఆగిపోయాడు. అక్కణ్ణుంచి అతనికి బొమ్మ వీపు, వంగిన మెడ మాత్రమే కనపడుతున్నాయి. మెల్లగా లోపలికొచ్చి దాని పక్కన కూలబడ్డాడు.

"తెడ్డు వెయ్యరా అంటే వేసేవాడు కాదు," అన్నాడు. "పుట్టి అంచున వంగి చేపపిల్లల్ని చూస్తా కూచునేవాడు. ఎన్ని తిట్లు తిన్నాడో మా మద్దిలేటి."

వంగిన ఆ మెడ మీద చెయ్యి వేసి, అన్నేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ చెప్పుకుంటూ పోయాడు. సుంకులమ్మ వింటూ నిలబడింది. కాసేపటికి ఉలి ఎత్తి గురువు వైపు చూసింది.

"భుజాల దగ్గర ఇంకా మొరటుగా ఉంది సామీ. నునుపు చెయ్యాల్నా?"

"అది నీ పని కాదమ్మా," అన్నాడు మోనాచారి. "గాలీ వానా చూసుకుంటాయి."