ఒక్క నొక్కు వంతెన

బుద్ధివలసవాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఎవరన్నారంటే బుద్ధివలసవాళ్ళే అన్నారు. ఇంకెవరినైనా అడుగుదామంటే ఆ ఊరికి ఎవరూ రారు. ఊరి ముందు వాగుంది, దానికి వంతెన లేదు.

వంతెన లేక అందరికీ ఇబ్బందే గాని, అప్పలకొండకి ఏకంగా కాపురమే ఆగిపోయింది. పోయిన శ్రావణంలో అతని పెళ్ళాం ఎర్నమ్మ వాగు దాటుతూ జారిపడింది. చేతిలోని మూట, అందులోని పట్టుచీర నీళ్ళపాలయ్యాయి. తడిబట్టలతో అవతలి గట్టెక్కి, "వంతెన పడితేనే నీ గుమ్మం తొక్కుతాను మావా!" అని అరిచి పుట్టింటికి పోయింది. అప్పట్నుంచీ అప్పలకొండకి గంజే గతి. వండటం రాక కాదు, ఒక్కడికి ఎసరు ఎంత పెట్టాలో తెలియక.

తిరగ్గా తిరగ్గా, వంతెనల ఆఫీసులో ఇంజనీరమ్మ పది నిమిషాలు టైమిచ్చింది. "ఉత్త మాటలొద్దు, స్లైడ్లు వేసి చూపించండి" అంది. కంప్యూటర్ సెంటరు నడిపే సుహాసిని బ్రౌజర్లో తెరుచుకునేలా రెండు స్లైడ్లు చేసి, ల్యాప్‌టాపూ వేలంత రిమోటూ అప్పలకొండ చేతిలో పెట్టింది. తనకి ఆ రోజు పరీక్ష.

"జాగ్రత్తగా వినండి మావయ్యా. రిమోటుతో వచ్చిన ఈ గోరంత ముక్కని ల్యాప్‌టాప్‌కి గుచ్చాలి. ముందు బొమ్మ మీద ఒకసారి క్లిక్ చెయ్యాలి, లేకపోతే బ్రౌజరు రిమోటు మాట వినదు. తీగల్తో పనిలేదు. ముప్ఫై అడుగుల నుంచి పనిచేస్తుంది. కుడి బాణం ముందుకి, ఎడమ బాణం వెనక్కి. అంతే."

అంతే కదా అనుకున్నారు విన్నవాళ్ళు ముగ్గురూ. అప్పలకొండ, అతని చిన్నాన్న గవరయ్య, స్నేహితుడు సన్నాసి ఆఫీసుకి బయల్దేరారు.

మీటింగు గదిలో అడుగుపెడుతూనే గవరయ్య, "తీగల్తో పనిలేదంది కదా" అని గోడకున్న తీగలన్నీ పీకి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంకేముంది, ప్రొజెక్టరు ఆరింది, ఫ్యాను ఆగింది, ఇంజనీరమ్మకి చెమటలు పట్టాయి. అటెండరు తిట్టుకుంటూ అన్నీ మళ్ళీ తగిలించాడు.

సన్నాసి టేపు తీశాడు. కావలసింది ముప్ఫై అడుగులు, గది చూస్తే ఇరవయ్యే. అంతే, అప్పలకొండ బయటికి నడిచాడు. సైకిళ్ళ స్టాండులో సరిగ్గా ముప్ఫయ్యో అడుగు మీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాడు. లోపల గవరయ్య గోడ మీది బొమ్మని వేలితో పొడిచాడు. అటెండరు నెత్తి కొట్టుకుని మౌసుతో క్లిక్ చేశాడు.

"అమ్మగోరూ! ఇదే మా వాగు!" కిటికీలోంచి అప్పలకొండ కేక వినబడింది. "మా ఎర్నమ్మ పట్టుసీర ఇందులోనే పోనాది! ఆ మీదట ఎర్నమ్మే పోనాది!"

కళ్ళు మూసుకుని కుడి బాణం నొక్కాడు. తెర మీద అదే వాగు, అవే గట్లు, మధ్యలో తెల్లటి వంతెన.

"వచ్చీసింది! ఒక్క నొక్కుకి వచ్చీసింది!" అని సన్నాసి గంతులేశాడు. గవరయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంజనీరమ్మకీ ముచ్చటేసింది. "బాగుంది. మంజూరు చేస్తాను. టెండర్లవీ అయ్యి కట్టేసరికి రెండేళ్ళు పడుతుంది" అంది.

అప్పలకొండ పరిగెత్తుకొచ్చాడు. "రెండేళ్ళేటమ్మా? ఒక్క నొక్కుకి వచ్చినదానికి మీకింత శ్రమెందుకు? మంజూరు మీకాడే ఉంచుకోండి. మాకీ రిమోటు సాలు."

పని చెయ్యకుండా పని అయిపోయిన ఫైలంటే ఆ ఆఫీసు సూపరింటెండెంటుకి ప్రాణం. ఇంజనీరమ్మ నోరు తెరిచేలోపే 'వంతెన అందినది' అని కాయితం రాసుకొచ్చాడు. ముగ్గురూ చదివి, బాగా ఆలోచించి, సంతకాలు పెట్టారు.

అప్పలకొండ బస్సులోంచే ఎర్నమ్మకి ఫోను చేశాడు. "వంతెన నా జేబులో ఉందే! పెట్టె సర్దుకుని వాగుకాడికొచ్చీ!"

సాయంత్రానికి ఇవతలి గట్టున ఊరంతా చేరింది. అవతలి గట్టున నెత్తిన ట్రంకు పెట్టెతో ఎర్నమ్మ.

"గోరంత ముక్క ఎక్కడ గుచ్చాలి?" అన్నాడు అప్పలకొండ.

"బొమ్మ వాగు ల్యాప్‌టాప్‌లో ఉంది గాబట్టి దానికి గుచ్చాం. అసలు వాగు వాగులోనే ఉంది కదా!" అని సన్నాసి దాన్ని నీళ్ళలోకి విసిరాడు. గవరయ్య కర్రతో నీళ్ళని పొడిచి క్లిక్ చేశాడు. ముప్ఫై అడుగులు కొలిచారు. అప్పలకొండ నొక్కాడు. వంతెన రాలేదు. గట్టిగా నొక్కాడు. రాలేదు.

"ఏ బాణం నొక్కుతున్నావు మావా?" అవతలి నుంచి ఎర్నమ్మ అరిచింది.

"కుడిదే! ముందుకెళ్ళేది!"

ఎర్నమ్మ మాత్రం తక్కువ తిందా? బుద్ధివలస కోడలాయె. "అది నువ్విటు రాడానికి మావా! నేను ఎనక్కి కదా రావాలి? ఎడమది నొక్కు!"

ఈ తెలివికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. అప్పలకొండ ఎడమ బాణం నొక్కి, "నొక్కీసేను, రా!" అన్నాడు. మొగుడి మాట మీద నమ్మకంతో ఎర్నమ్మ తలెత్తుకుని, కుచ్చిళ్ళు కూడా ఎత్తకుండా, గట్టు మీంచి అడుగేసింది.

బుడుంగుమంది. పెట్టె ఒక దారి, ఎర్నమ్మ ఒక దారి. అప్పలకొండ కెవ్వుమని దూకాడు. రిమోటు పళ్ళతో కరిచిపట్టి, పెళ్ళాం జబ్బ పట్టుకుని, ఈదలేక ఈదుతూ ఇవతలి గట్టుకి లాక్కొచ్చాడు. ఇద్దరూ కూలబడి నీళ్ళు కక్కారు. ఎర్నమ్మ మొగుణ్ణి చూసింది, ఊరిని చూసింది, వెనక్కి తిరిగి వాగుని చూసింది.

"ఇటొచ్చీసేను కదా మావా!" అంది.

"వచ్చీసేవే!" అని అప్పలకొండ ఏడుస్తూ నవ్వాడు.

గవరయ్య పెద్దరికంగా తలాడించాడు. "రిమోటు బాగానే పనిచేస్తందిరా. కొంచెం తడుస్తాం, అంతే."

ఇంకేముంది! అవతల పనులున్నవాళ్ళంతా గట్టు మీద బారులు తీరారు. అప్పలకొండ రిమోటుని పంచెకి తుడిచి, ఈసారి కుడి బాణం మీద వేలు పెట్టాడు.